ముక్కు లేని హంసలు

వరంగల్ వెళ్లొచ్చానని చెప్పగానే మా తణుకులో అందరూ అడిగేది ఒక్కటే: వేయి స్తంభాల గుడి చూశారా అని. చూడలేదండీ. నాలుగు రోజులున్నాను, గుడి ముందు నుంచి ఆటోలో మూడుసార్లు పోయాను, ఒక్కసారీ దిగలేదు. దానికి బదులు జనం ఇళ్లల్లో కంప్యూటర్లు చూశాను. ఈ మాట చెబితే జాలిగా చూస్తున్నారు కాబట్టి, అసలేం జరిగిందో రాసి పెడుతున్నాను.

నేను అనువాదకురాలిని. కంప్యూటర్ ఆన్ చేయగానే అన్నిటికంటే ముందు లేచి, మిగతా పనులన్నీ చేయించే మూల సాఫ్ట్‌వేర్ ఒకటుంటుంది కదా, ఆపరేటింగ్ సిస్టమ్ అంటారు. అది మన ఫొటోలూ కాగితాలూ మనకు తెలియకుండా బయటికి చేరవేస్తోందేమో చూడమని ప్రభుత్వం ఒక విచారణ కమిటీ వేసింది. కంపెనీల వాళ్లేమో "మేం అడిగాకే తీసుకుంటున్నాం, వాళ్లే 'అంగీకరిస్తున్నాను' అని నొక్కారు" అంటున్నారట. నొక్కినవాళ్లకు ఆ తెలుగు అర్థమయ్యే నొక్కారా? ఇళ్లకు పోయి అడిగి రమ్మని కమిటీ జిల్లాకొకరిని పంపింది. నాకు ఉమ్మడి వరంగల్ జిల్లా పడింది.

ఒక్క సంగతి మాత్రం నేను కమిటీకి చెప్పలేదు. తెర మీద కనిపించే ఆ తెలుగు వాక్యం కొన్నేళ్ల కిందట రాసింది నేనే. వాళ్లు అడగలేదు, నేను చెప్పలేదు.

కాజీపేట

మా వైపు ఇంటికి కొత్తవాళ్లు వస్తే ఏ ఊరండీ, ఎవరి తాలూకండీ అని మూడు తరాల కూపీ లాగి గానీ కాఫీ ఇవ్వరు. కాజీపేట రైల్వే క్వార్టర్స్‌లో ప్రమీల ముందు పళ్లెం చేతిలో పెట్టి, తర్వాత పేరు అడిగింది. ఆవిడ టికెట్ బుకింగ్‌లో క్లర్కు. మా చెల్లెలి తోటికోడలికి స్నేహితురాలు. ఆ చుట్టరికం లెక్క తేలక కాసేపు తలపట్టుకుని, "గదంత ఎందుకు, వదినె అని పిలుస్త. వదినె అంటె ఎంతైన ఆటపట్టియ్యచ్చు" అని తేల్చేసింది.

పళ్లెంలో సర్వపిండి. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, ఉల్లికాడలు కలిపి, గిన్నె అడుగున వత్తి, వేలితో చిల్లులు పెట్టి, ఆ చిల్లుల్లో నూనె పోసి కాలుస్తారు. మా దిబ్బరొట్టె దీని ముందు తలొంచుకోవాలి, ఈ మాట మా ఊళ్లో అనకండి. పెద్ద ముక్క నోట్లో కుక్కుకుని బుగ్గలు ఉబ్బి ఉన్నప్పుడే ప్రమీల ఫోనుతో ఫొటో తీసింది.

"మంచిగ వచ్చింది వదినె! కంప్యూటర్ల ఏసి పెట్టుకుంట."

వద్దనడానికి నోరు ఖాళీగా లేదు.

తినడం అయ్యాక ఆవిడ కంప్యూటర్ ముందు కూర్చున్నాం. తెర మీద పెద్ద బర్రె బొమ్మ. నుదుటి మీద తెల్లటి మచ్చ, మన వంకే గుర్రుగా చూస్తోంది.

"ఇదేంటండీ?"

"కొన్నప్పటి సంది గంతే. దినాం ఒక్క బొమ్మ మారుతది. ఒకనాడు పత్తి బస్తాలు, ఒకనాడు ఎర్ర నల్ల గళ్ల జంపఖానా. ఆ కంపెనోల్లకు మంచి టేస్టున్నది."

బర్రె కాస్త విచిత్రంగానే అనిపించింది. అయినా ఈ రోజుల్లో ఏ ఊరికి తగ్గ బొమ్మలు ఆ ఊరికి పెడుతున్నారు కాబోలు అనుకున్నాను. ఇంత తెలివితేటలతో ప్రభుత్వం పనికి బయల్దేరాను నేను.

కాగితం తీసి నా వాక్యం గొంతు సవరించుకుని చదివాను: "మీ అనుభవమును మెరుగుపరచు నిమిత్తం మీ పరికరమందలి దత్తాంశము సమకాలీకరించబడును. అంగీకరిస్తున్నారా?"

ప్రమీల రెండు చేతులూ జోడించింది. "ఇది తెలుగేనా వదినె? పెండ్లి మంత్రం లెక్క ఉన్నది."

"మరి అంగీకరిస్తున్నానని ఎందుకు నొక్కారు?"

"నేనెక్కడ నొక్కిన? హన్మకొండల అశోక్ అని, అమ్మిన షాపాయిన. ఆయిననే నొక్కిండు. నొక్కకుంటె ముంగటికి పోదంట."

కాగితంలో "అర్థం కాలేదు" అన్న గడిలో టిక్కు పెట్టాను. నా వాక్యాన్ని పెళ్లి మంత్రమన్నందుకు ఒళ్లు మండి, ఇంకో ముక్క సర్వపిండి అడిగి మరీ తిన్నాను.

కొత్తవాడ

వరంగల్ కొత్తవాడలో వీధిలోకి తిరగ్గానే మగ్గాల చప్పుడు వినిపిస్తుంది. ఇక్కడ నేసేవి జంపఖానాలు. మా ఇళ్లల్లో పెళ్లిళ్లకు పరిచి, తర్వాత అటకెక్కించే వాటిని ఇక్కడ ఒక్కో పోగూ లెక్కపెట్టి నేస్తారని నాకు ఇన్నేళ్లూ తెలియదు.

నా జాబితాలో రెండో పేరు భిక్షపతి. నేతగాళ్ల సొసైటీకి డిజైన్లు గీసే మనిషి. తలుపు తీసింది ఆయన భార్య సరోజన. నా మెడలో ప్రభుత్వం కార్డు చూసి, "ఇంకేం విచారణ? అయ్యింది సాలదా?" అని మొహం మీదే తలుపు వేయబోయింది. నాకూ కోపం వచ్చేదే, కానీ ఆవిడ కళ్లు ఎర్రగా ఉన్నాయి. నేను సొసైటీ తరఫున కాదు, కంప్యూటర్ల సంగతి అడగడానికి వచ్చానని చెప్పాను. అప్పుడు "అక్కా, లోపటికి రా" అంది.

సంగతి ఇది. భిక్షపతి సొసైటీ కోసం కొత్త జంపఖానా డిజైన్ గీశాడు, ఎదురెదురుగా నిలబడ్డ రెండేసి హంసలు. కోట ముఖద్వారం మీది హంసలు చూసి, నెలల తరబడి కంప్యూటర్లో గళ్లు నింపి గీశాడు. సొసైటీ మగ్గం మీంచి మొదటి జంపఖానా ఇంకా దిగనే లేదు, అవే హంసలు తొర్రూరులో ఒక పెళ్లి పందిట్లో కనిపించాయి.

"మా ప్రెసిడెంట్ సదానందం సారు ఆ పెండ్లికి పోయిండు. మా హంసల మీదనే కూసొని తిన్నడు. వచ్చి, డిజైన్ అమ్ముకున్నడని ఈయన మీద పడ్డడు. శనివారం మీటింగు. జవాబు చెప్పకుంటె డిజైన్ పని తీసేస్తరు, సొసైటీల పేరు గూడ కొట్టేస్తరు. కొత్తవాడల ఇగ తల ఎత్తుకొని నడుస్తమా అక్కా?"

"నేను అమ్మలే," అన్నాడు భిక్షపతి. మంచం మీద కూర్చుని గోడ వంక చూస్తున్నాడు. పదకొండు రోజులుగా మగ్గాల దగ్గరికి పోలేదట. అడిగినవాళ్లందరికీ ఆయన చెప్పింది ఆ ఒక్క మాటే.

నా పది ప్రశ్నలూ ఈ ఇంట్లో అడగాలంటే సిగ్గేసింది. అయినా అడిగాను. నా వాక్యం ఆయనకూ అర్థం కాలేదు. కంప్యూటర్ తెరిచి హంసలు చూపించాడు. ఎర్రటి నేల మీద తెల్లటి హంసలు, మెడ వంపు చూస్తే ప్రాణం లేచి వచ్చింది. కానీ ఏదో వెలితిగా ఉంది.

"వీటికి ముక్కేదండీ?"

ఆ పూట మొదటిసారి ఆయన నవ్వాడు. "చూసిండ్రా? అది నోటి గీత మేడం. మా తాత కాలం సంది ఇదే పద్ధతి. ముక్కు వచ్చె రెండు వరుసలు కాయితం మీద ఎక్కియ్యం. కాయితాన్ని ఎవడన్న ఎత్తుకపోవచ్చు, నోట్ల ఉన్నదాన్ని ఎత్తుకపోలేడు కద. మగ్గం మీద కూసున్నంక నేసెటోనికి చెవుల చెప్త. కంప్యూటర్ వచ్చినా అలవాటు పోలే."

ఇంత మంచి పద్ధతున్న మనిషి డిజైన్ అమ్ముకోవడమేమిటి అని నాకూ మంట పుట్టింది. నేను మర్నాడు ఇదే పని మీద తొర్రూరు పోవాల్సి ఉందని సరోజన నా నోటి నుంచి కూపీ లాగింది.

"నేను గూడ వస్త అక్కా. ఆ జంపఖానా నేసినోన్ని చూడాలె."

"నువ్వు పోవద్దు," అన్నాడు భిక్షపతి. "పోతె మనమే భయపడ్డట్టుంటది."

"నువ్వు ఇంట్ల కూసుంటె ఒప్పుకున్నట్టుంటది," అంది ఆవిడ. ఆయన మళ్లీ గోడ వైపు తిరిగాడు.

తొర్రూరు

కృష్ణా, గోదావరి తాగిన మనిషిని, కారం నాకో లెక్కా అని తొర్రూరు బస్టాండులో మిర్చి బజ్జీలు నాలుగు పెట్టించుకున్నాను. ప్లేటు ముప్పై రూపాయలు. రెండోదానికే కళ్లూ ముక్కూ ఏకమయ్యాయి. సరోజన మిగతా రెండూ తనే తినేసి, "మీ దిక్కు మిర్చి ఉట్టిగ రంగు కోసమేనా అక్కా?" అంది. చాయ్ తాగి, పత్తి బండ్ల మధ్య దారి చేసుకుంటూ, అడుగుతూ అడుగుతూ మల్లేశం ఇంటికి చేరాం. టెంట్ హౌస్‌లకు జంపఖానాలు నేసిచ్చేది అతనే.

వాకిట్లో కట్టేసిన బర్రె నా వంక గుర్రుగా చూసింది. నుదుటి మీద తెల్లటి మచ్చ.

నేను అక్కడే ఆగిపోయాను. ఈ బర్రెను నేనెక్కడో చూశాను! జీవితంలో తొర్రూరు రావడం ఇదే మొదటిసారి, బర్రెలతో నాకు పరిచయాలేం లేవు. ఆలోచిస్తూ నిలబడేసరికి సరోజన లోపలికి దూసుకుపోయింది.

"ఎవలిచ్చిండ్రు నీకు మా హంసలు?"

మల్లేశం మగ్గం మీంచి దిగొచ్చాడు. నలభై ఏళ్లుంటాయి, నెమ్మదస్తుడు. "హంసలా? అవి హంసలా అక్కా? నేను బాతులనుకున్న!"

"బాతులా! మా ఆయిన ఆర్నెల్లు కండ్లు పొడుసుకొని గీస్తె నీకు బాతులా?"

"ముక్కు లేకుండె అక్కా. ఇదేదో కొత్త ఫ్యాషన్ అనుకొని అట్లనే నేసిన." అతను బెంబేలెత్తిపోయాడు. "ఎవలియ్యలే. కంప్యూటర్‌తోని వచ్చినయి. అండ్ల శాన బొమ్మలుంటయి, కొన్నప్పటి సంది. కంపెనోల్లు మనకోసం పెడతరు కద."

"చూపించండి," అన్నాను నేను.

అతను కంప్యూటర్లో బొమ్మల ఫోల్డర్ తెరిచాడు. హంసలు. ఎర్ర నల్ల గళ్ల జంపఖానా. వాకిట్లోని బర్రె, ఆ ఫొటో తనే తీశానన్నాడు. ఎవరి కూతురిదో చీరకట్టు పండుగ. పత్తి బస్తాలు. కాజీపేట క్వార్టర్స్‌లో నేను నిన్నగాక మొన్న చూసిన పూల కర్టెన్. ఆ కర్టెన్ ముందు, బుగ్గలు ఉబ్బించుకుని, కళ్లు మూసుకుని, నోటినిండా సర్వపిండితో నేను.

"ఈమె మీరే కద మేడం?" అన్నాడు మల్లేశం ఆనందంగా. "మొన్న వచ్చింది. నేను కంపెనీ మేడం అనుకున్న!"

ప్రజల కంప్యూటర్లలోంచి సొంత విషయాలు బయటికి పోతున్నాయేమో కనిపెట్టడానికి ప్రభుత్వం పంపిన మనిషిని నేను. సరోజన ఆ ఫొటో చూసి, నన్ను చూసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నా చెవులు వేడెక్కాయి.

"ఈ కంప్యూటర్ ఎక్కడ కొన్నారు?"

"హన్మకొండల. అశోక్ షాపు."

"మా ఆయిన గూడ ఆడనే కొన్నడు," అంది సరోజన.

అప్పటికప్పుడు అశోక్‌కి ఫోన్ చేసి, అందరికీ వినబడేలా పెట్టాను. అతను దాచే మనిషి కాదు, గడగడా చెప్పేశాడు. "ఏం చేయాలె మేడం? అకౌంట్ లేకుంటె అది ముంగటికి పోనే పోదు. కొనెటోల్లకు ఈమెయిల్ ఉండది, ఉన్నా పాస్‌వర్డ్ యాదికుండది. పాపం పక్క ఊళ్ల నుంచి వచ్చి నిలబడుతరు. అందుకని అందరికీ మా షాపు అకౌంటే ఏసిన. అంగీకరిస్తున్న అని గూడ నేనే నొక్కిన. నా దాంట్ల బొమ్మలు ఎక్కువైనయని నేను గూడ ఫికర్ పడుతాన్న."

విషయం తేలిపోయింది. అన్ని కంప్యూటర్లకూ ఒకే ఖాతా. ఎవరు ఏ బొమ్మ పెట్టినా ఆపరేటింగ్ సిస్టమ్ దాన్ని ఆ ఖాతాలోకి పంపి, అక్కడి నుంచి మిగతా ఇళ్లన్నిటికీ పంచుతోంది. పది ఇళ్లకు కలిపి ఒకే బీరువా పెట్టినట్టు. ఆ బీరువా తలుపు మీద అతికించిన కాగితం నేను రాసిన వాక్యం. సమకాలీకరించబడును అంటే ఇదేనని నాకే ఆ పూట తెలిసింది.

సరోజన అక్కడే కింద కూర్చుని ఏడ్చింది. పన్నెండు రోజుల ఏడుపు. మల్లేశం భార్య నీళ్లు తెచ్చింది. మల్లేశం మాత్రం మగ్గం రాట పట్టుకుని, "అయితె నేను దొంగనైతినా మేడం?" అన్నాడు.

"కావు. రేపు నువ్వు మాతో వస్తే ఎవరూ దొంగ కారు. ఆ జంపఖానా కూడా తీసుకురా."

"సొసైటోల్లు కొడుతరేమో."

సరోజన కళ్లు తుడుచుకుంది. "ఎవడు కొడుతడు? నేనుంట. రా తమ్మీ."

ఖిలా వరంగల్

శనివారం పొద్దున్నే భిక్షపతి నన్ను కోటకు తీసుకుపోయాడు. మీటింగు మధ్యాహ్నం, ఇంట్లో కాలు నిలవడం లేదట. వేయి స్తంభాలు చూడలేదు గానీ, ఆ రాతి ద్వారాలు మాత్రం తలెత్తి చూశాను. పైన రెండు కొసల్లో హంసలు.

"ముక్కులు చూడుండ్రి మేడం," అన్నాడు. "నా చిన్నప్పుడు మా నాయిన నన్ను భుజం మీద ఎక్కించుకొని ఇవే చూపెట్టిండు." తర్వాత గొంతు తగ్గింది. "కంప్యూటర్ పంపింది అంటె సదానందం సారు నమ్ముతడా? ఆయినకు ఫోనే సరిగ రాదు."

నమ్ముతారని గట్టిగా చెప్పాను. నాకేం నమ్మకం లేదు.

సొసైటీ ఆఫీసు

ఇరవై మంది దాకా నేల మీద కూర్చున్నారు. సదానందం గారికి డెబ్బై దాటాయి, తెల్ల పంచె, చెవి మీద పెన్సిలు. నేను లేచి అకౌంటు గురించి, బీరువా గురించి, అశోక్ షాపు గురించి ఎంతో చక్కగా వివరించాను. అంతా విని ఆయన అన్నాడు:

"కంప్యూటర్ తొర్రూరు ఎట్ల పోతది మేడం? దానికి కాళ్లున్నయా?"

వెనక ఎవరో నవ్వారు. భిక్షపతి తల ఇంకా కిందికి పోయింది.  ఆయన నన్నెందుకు నమ్మాలి? నేనెవరు?

సరోజన మల్లేశం భుజం తట్టింది. అతను లేచి, తెచ్చిన చుట్టను సదానందం గారి ముందు నేల మీద పరిచాడు. ఎర్రటి జంపఖానా, వరుసగా తెల్లటి హంసలు.

 ఒక ముసలి నేతగాడు ముందుకు వంగి, "అరె, మూతులేవిరా వీటికి?" అన్నాడు.

సదానందం గారు కళ్లజోడు సవరించుకుని మోకాళ్ల మీద కూర్చున్నాడు. పెన్సిలు తీసి మెడ దగ్గర నుంచి ఒక్కో వరుసా లెక్కపెట్టాడు. ఇంకో హంస దగ్గర మళ్లీ లెక్కపెట్టాడు. ఆ తర్వాత మల్లేశాన్ని చూశాడు.

"నోటి గీత ఎవలూ చెప్పలేదా నీకు?"

"నోటి గీతంటె ఏంది సారు?"

సదానందం గారు వెనక్కి వాలి కూర్చున్నాడు. నెమ్మదిగా అందరికీ వినబడేలా అన్నాడు. "భిక్షపతే అమ్మితె ఆ రెండు వరుసలు చెప్పకుంట అమ్ముతడా? మూతి లేని పిట్టను పైసలు పెట్టి ఎవడు కొంటడు? ఇది ఆయిన నోట్లకెళ్లి పోలే. ఆ డబ్బలకెళ్లే పోయింది." కంప్యూటర్‌కి కాళ్లున్నాయని ఆయన అలా ఒప్పుకున్నాడు. "నేను గూడ దీని మీద కూసొని పప్పన్నం తిన్న. చూసుకోకపోతి. తప్పు నాది. భిక్షపతీ, రేపు మగ్గం కాడికి రా."

భిక్షపతి లేవలేదు. చేతుల్లో మొహం పెట్టుకున్నాడు. ముసలి నేతగాడు ఆయన వీపు మీద చెయ్యి వేసి అలాగే ఉంచాడు. "పదమూడు దినాలు సారు," అంది సరోజన పైకే, "పదమూడు దినాలు ఈ మనిషి అన్నం సక్కగ తినలే." సదానందం గారు తల వంచుకుని విన్నాడు. నాకు ఆయన మీద గౌరవం కలిగింది.

చాయ్ వచ్చాక ఆయన నా చేతిలో కాగితం తీసుకుని ఆ వాక్యం కూడబలుక్కుంటూ చదివాడు. "ఇది రాసినోడు ఎవడు మేడం? వాని ఇంట్ల ఇట్లనే మాట్లాడుతరా?"

కమిటీకి చెప్పని మాట కొత్తవాడలో చెప్పాల్సి వచ్చింది. "నేనేనండీ."

ఇరవై మందీ నవ్విన నవ్వు ఇప్పటికీ చెవుల్లో ఉంది. సరోజన నవ్వలేదు, పాపం. "రాసుకో అక్కా, నేను చెప్త," అంది. "నీ బొమ్మలు, నీ కాయితాలు మా కాడ గూడ పెట్టుకుంటం. ఒప్పుకుంటవా, వద్దా?"

రాసుకుని పైకి చదివాను.

"వద్దు!" అన్నారు ఇరవై మందీ ఒక్కసారి.

"అర్థమైంది" అన్న గడిలో నాలుగు రోజుల్లో నేను పెట్టిన మొదటి టిక్కులు అవే. సాయంత్రానికి అశోక్ కూడా పరుగెత్తుకుంటూ వచ్చాడు. కొన్నవాళ్లందరి ఇళ్లకూ తనే తిరిగి, ఎవరి ఖాతా వాళ్లకు చేసిస్తానని మాటిచ్చాడు. నా సర్వపిండి ఫొటో ముందు తీయించాను. ప్రమీల మాత్రం తన ఫోనులో ఉన్నది తీయనంది.

తిరుగు ప్రయాణం

స్టేషన్‌కు భిక్షపతీ సరోజనా వచ్చారు. సకినాల పొట్లం, దాంతో పాటు చుట్టిన గ్రాఫు కాగితం ఒకటి చేతిలో పెట్టారు. "హంసలు మేడం," అన్నాడాయన. "మీ కోసం చేత్తో గీసిన. ఇంట్ల గోడకు పెట్టుకోండ్రి." నాకు కళ్లు చెమ్మగిల్లాయి. ఆయన పరువు నిలబడింది నా వల్లే కదా అని లోపల కాస్త గర్వం కూడా ఉందని ఒప్పుకుంటున్నాను.

రైలు కదిలాక సకినాలు కొరుకుతూ కాగితం విప్పాను. ఎర్ర గళ్లు, తెల్ల గళ్లు, ఆ అందమైన మెడలు. ముక్కులు లేవు.

ఫోన్ చేశాను. "భిక్షపతి గారూ, నాకు కూడానా?"

అటునుంచి మొగుడూ పెళ్లాలిద్దరూ నవ్వుతున్నారు. "కాయితం మీద ఎవలికీ ఎక్కియ్యం మేడం," అన్నాడాయన. "మీరు మళ్ల కొత్తవాడకు రండ్రి. మగ్గం కాడ కూసోబెట్టి చెవుల చెప్త."

ఆ కాగితం ఇప్పుడు మా ముందుగదిలో గోడకుంది. వచ్చినవాళ్లందరూ హంసలకు ముక్కేదని అడుగుతున్నారు. నాకు తెలియదండీ, నాకూ చెప్పలేదు అంటున్నాను.